రాయి లేని తీరం: ఒక ఊహాసీమను కట్టిన నా అనుభవం

నేను గీసిన మొదటి మ్యాపులో కొండలు ఉన్నాయి. సముద్రంలోకి నిటారుగా దిగిన నల్లటి కొండలు, వాటి మీద మంచు, కొన కొమ్మున కూలిపోయిన దీపస్తంభం. ఎప్పుడో ఏవేవో బొమ్మల్లో చూసిన తీరం అది. రాస్తున్న కథకి రాజ్యం దక్షిణపు కొసన ఒక దిక్కుమాలిన సముద్రతీరం కావాలి. రాజు కోపానికి గురైనవాళ్ళని పంపే చోటు, పంటలు లేని చోటు, పేరు చెబితే పిల్లలు జడుసుకునే చోటు. ఆ తీరం మీద నలభై పేజీలు రాసి, బాగానే కుదిరిందని అనుకున్నాను.

నేను అమలాపురం దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మూడేళ్ళ కిందట మా తొమ్మిదో తరగతి కుర్రాడొకడు రెండు వారాలు బడికి రాకపోతే, కనుక్కుందామని ఓడలరేవు వైపు వాళ్ళింటికి వెళ్ళాను. వాడికి బొమ్మలంటే ప్రాణం. వాణ్ణి మాటల్లో పెట్టడానికి సంచిలో ఉన్న నా మ్యాపు తీసి చూపించాను. వాడికంటే ముందు వాడి తాత అందుకున్నాడు. అరుగు మీద వల బాగుచేసుకుంటున్న మనిషి, చేతిలో పని పక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"ఏ ఊరండి మేష్టారూ ఇది?"

"ఊరు కాదు బాబాయ్, కథ కోసం ఊహించి గీశాను."

"ఆయ్. మరి ఇంత పెద్ద గోదారి ఒక్క పాయగానే వచ్చి పడిపోద్దాండి? మొగ కాడ ఇసక మేటేదండి? పడవ లోపలికి ఎట్నుంచి వత్తాదండి?" కొంచెం ఆగి, కొండల మీద వేలు పెట్టి అడిగాడు. "ఏటి ఒండ్రు మీద రాయెక్కడిదండి?"

ఆ ఆఖరి ప్రశ్న దగ్గరే నా నలభై పేజీలూ ఆగిపోయాయి. నేను రాసింది మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు. వెయ్యి మైళ్ళ దూరం నుంచి నది మోసుకొచ్చిన మట్టితో కట్టిన నేల అది. అలాంటి నేల మీద కొండ ఉండదు. ముప్పై ఏళ్ళుగా అలాంటి నేల మీదే బతుకుతూ, అలాంటి తీరానికి గంటన్నర దూరంలో ఉంటూ, ఎక్కడిదో తీరాన్ని తెచ్చి నా కథకి అతికించుకున్నాను. ఆ రాత్రి మ్యాపు మడిచి బీరువాలో పెట్టేశాను. కొత్తది మొదలుపెట్టడానికి ఐదు నెలలు పట్టింది.

ఆ ఐదు నెలల్లో చేసింది ఒక్కటే, మన ఒడ్డు వెంట తిరగడం. ఆదివారాలు, రెండో శనివారాలు, సంక్రాంతి సెలవులు అన్నీ దానికే పోయాయి. గోదావరి పాయల్లో వైనతేయ సముద్రంలో కలిసే ఓడలరేవు, అవతల కరవాక, వశిష్ఠ కలిసే అంతర్వేది, గౌతమి వైపు యానాం నుంచి కోరంగి, కాకినాడ దాటి ఉప్పాడ. పటంలో చూస్తే ఇదంతా ఒకే తీరం. నడిస్తే ఒక్కో మొగ ఒక్కో తీరు. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నిలబడితే నది రంగు ఎక్కడ ఆగిందో, సముద్రం రంగు ఎక్కడ మొదలైందో కంటికి ఆనుతుంది. ఓడలరేవులో ఆ తేడా ఉండదు. అన్నీ ఒకే బూడిద రంగు నీళ్ళు.

ఇసుక నడుస్తుందని నాకు తెలిసింది అప్పుడే. నైరుతి గాలులు వీచే నెలల్లో అలలు ఒడ్డుకి ఏటవాలుగా తగిలి, ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతూ ఉంటాయి. కాకినాడకి ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ అలా పుట్టిందే. గోదావరి తెచ్చిన ఇసుక గత రెండు వందల ఏళ్ళలో ఉత్తరానికి సాగి సాగి పొడుగాటి తిప్ప అయింది. కాకినాడ రేవుకి అదే అడ్డుగోడ. దానికి పైన ఉప్పాడలో కథ తిరగబడుతుంది. అక్కడ సముద్రం ఇళ్ళని, గుళ్ళని, రోడ్డుని తింటూ వస్తోంది. రోడ్డు కాపాడాలని పోసిన బండరాళ్ళు కూడా ప్రతి తుఫానుకీ చెదిరిపోతాయి. ఉప్పాడలో తుఫాను వెలిసిన మర్నాడు జనం ఒడ్డున ఇసుకలో వెతుకుతారు. మునిగిపోయిన ఇళ్ళలోంచి, గుళ్ళలోంచి బంగారపు రవ్వలు కొట్టుకొస్తాయని వాళ్ళ నమ్మకం. కొందరికి దొరికాయి కూడా. ఒక పెద్దావిడ మోకాళ్ళ మీద కూర్చుని తడి ఇసుకని వేళ్ళతో పొరలు పొరలుగా తీస్తూ ఉంటే చూశాను. ఆమె వెతికేది ఒకప్పుడు తన వీధి ఉన్న చోటులోనే.

నేను పుస్తకంలో రాసిన దిగులంతా ఆమె ముందు తేలిపోయింది. ఒట్టి బోసి నేలని చూస్తే దిగులు రాదు. ఎడారిని చూస్తే ఆశ్చర్యం వస్తుంది, అంతే. ఇక్కడ ఏం ఉండేదో తెలిసిన మనిషి ఇంకా ఇక్కడే కూర్చుని ఉంటేనే ఆ చోటు గుండెని పిండుతుంది. నా తీరంలో కావలసింది మంచు, కాకులు కాదు. అది ఎందుకు అలా అయిందన్న కారణం కావాలి, ఆ కారణం తెలిసి కూడా అక్కడే ఉండిపోయిన మనుషులు కావాలి.

అప్పుడు మళ్ళీ రాయి దగ్గరికి వచ్చాను. ఈ కథలో నేను గర్వపడే భాగం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

నా సీమలో రాయి లేదని తీర్మానించుకున్నాను. పూర్తిగా లేదు. మూడు రోజులు ఎటు నడిచినా ఒక్క గులకరాయి దొరకదు. మన డెల్టా అంచున కూడా అంతే, చేతికి దొరికిన ప్రతి రాయీ ఎవరో ఎప్పుడో పడవలోనో లారీలోనో తెచ్చినదే. కాకపోతే మనకి లారీలున్నాయి. వాళ్ళకి లేవు. అయితే ఏమవుతుంది? కాగితం మీద వరసగా రాసుకోవడం మొదలుపెట్టాను. రుబ్బురోలు ఉండదు, కర్ర రోలే. బావికి రాతి ఒర ఉండదు, బోలుగా తొలిచిన తాటి మొద్దే ఒర. వలకి కట్టే బరువులు కాల్చిన మట్టి గుళ్ళు. పడవకి లంగరంటే మట్టి నింపి కాల్చిన కుండ. దేవుడు కర్ర దేవుడు. ప్రతి ఏడూ చెదలు తినేస్తే కొత్త దేవుణ్ణి చెక్కి, పాత దేవుణ్ణి నీళ్ళలో కలుపుతారు. సమాధి మీద ఆల్చిప్పలు పేరుస్తారు, మొదటి ఉప్పెనకి అవి పోతాయి. తాత ఎక్కడ పడుకున్నాడో మనవడికి తెలియదు. పిల్లలకి రాయి విసరడం తెలియదు. మామిడికాయ కొట్టడానికి, కుక్కని అదిలించడానికి చెయ్యి నేల వైపు పోని పిల్లలు ఎలా ఉంటారో ఊహించడానికే నాకు ఒక వారం పట్టింది.

ఎప్పుడైనా ఒక గులకరాయి నదిలో దొర్లుకుంటూ దొర్లుకుంటూ అంత దూరం వస్తే, అది పైరాజ్యం నుంచి వచ్చిన చుట్టం. దాన్ని పెళ్ళిలో అత్తవారు కోడలి చేతిలో పెడతారు. బంగారం ఇచ్చినా ఇవ్వకపోయినా పరవాలేదు, రాయి లేని పెళ్ళి పెళ్ళే కాదు.

ఇంతవరకూ బాగుంది. కష్టం భాషలో వచ్చింది. రాసిన పేజీలు తిరగేస్తే ప్రతి పేజీలోనూ రాయి తగిలింది. 'గుండె రాయి చేసుకో' అంటుంది ఒక తల్లి. 'రాతి మనిషి' అంటాడు ఒకడు. 'ఒక రాయి వేసి చూద్దాం' అంటాడు ఇంకొకడు. రాయంటే ఏమిటో తెలియని మనుషులు ఈ మాటలు ఎలా అంటారు? ఒక్కొక్కటీ వెతికి తీసేశాను. కొడుకుని సముద్రం మీదకి పంపే తల్లి గుండె గట్టి చేసుకోవడానికి ఏమనాలి? రెండు నెలలు ఆలోచించాను. చివరికి ఒక రోజు ఉప్పు మడుల పక్కన నడుస్తూ, కుప్పపోసి తాటాకు కప్పిన ఉప్పు చూశాను. ఎండకి పైన గట్టిగా పెచ్చు కట్టి ఉంది. 'గుండె ఉప్పు చేసుకో' అని రాశాను. రాసుకున్నాక తట్టింది, ఉప్పు నీళ్ళకి కరిగిపోతుంది. రాయిలా నిలవదు. ఆ తల్లి ధైర్యం ఏ పాటిదో ఆ మాటే చెప్పేసింది. అక్కడ నేను రాసుకున్న రెండు పేజీల వర్ణన కొట్టేశాను.

ఇక కారణం. ఈ సీమ ఎందుకు ఇలా అయింది?

తేలికైన జవాబు పైనున్న రాజు దుర్మార్గుడు కావడం. నదికి అడ్డంగా గోడ కట్టి కింద వాళ్ళని ఎండగట్టాడని రాసెయ్యొచ్చు. అలా రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దానికి ముందు ఈ నేల కరువులు చూసింది. ఆ కాలవ నీళ్ళతోనే మా తాతగారి రెండెకరాలు పండాయి, మా నాన్న చదువుకున్నారు. మా వైపు ఊళ్ళలో కాటన్ దొర విగ్రహాలున్నాయి, దండలు వేస్తారు, నేనూ వేశాను. నదికి అడ్డం కట్టినవాణ్ణి నేను విలన్ చెయ్యలేను. కానీ ఇంకో నిజం కూడా ఉంది. నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వచ్చే ఈ నది ఒండ్రులో చాలా భాగం ఇప్పుడు దారి పొడుగునా కట్టిన జలాశయాల్లోనే ఆగిపోతోంది. డెల్టాని పెంచేది ఒండ్రే. అది రావడం తగ్గితే సముద్రానికి ఎదురు నిలిచేది ఏమీ ఉండదు.

కాబట్టి నా కథలో పైరాజ్యం, దాని పేరు పంటవీడు, మంచి రాణి పాలనలో ఉంది. కరువులో పిల్లలు చనిపోతుంటే చూడలేక ఆమె గోడ కట్టించింది. లక్షల మంది బతికారు. ఆమె బొమ్మకి అక్కడ దండలు వేస్తారు. కింద ఏడు మొగల్లో ఐదు పూడిపోయాయి. రెండు సంగతులూ నిజమే, ఒకదాన్ని ఇంకోటి కొట్టివెయ్యదు. పైవాళ్ళకి కింద జరిగింది తెలియదు, కింది వాళ్ళకి పైన బతికిన పిల్లల సంగతి తెలియదు. కథ నడిచేది ఈ రెంటి మధ్యనే.

పేరు మాత్రం అనుకోకుండా దొరికింది. మన వైపు ఊరి పేరు వింటే చాలు, నేల ఎలాంటిదో తెలిసిపోతుంది. లంక, తిప్ప, కుర్రు, పాలెం, దిబ్బ. బలుసుతిప్ప, మగసానితిప్ప, పోలేకుర్రు. ఉప్పు తేలి పంటకి పనికిరాని పల్లపు నేలని పర్ర అంటారు. మొదట నల్లపర్ర అని పెట్టాను. తర్వాత మా అమ్మ సప్తసాగర యాత్ర గురించి చెబుతూ, చొల్లంగి అమావాస్య నాడు తుల్యభాగలో మునిగి మొదలుపెట్టి, ఒక్కో పాయ సంగమంలో స్నానం చేసుకుంటూ, భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరతారని చెప్పింది. ఏడుగురు ఋషుల పేర్ల మీద ఏడు పాయలు. "ఏడు మొగల్లోనూ మునగాలిరా" అంది. ఏడుమొగ! ఏడు అంటే అంకె, ఏడు అంటే ఏడవమని కూడా. మా అమ్మ మామూలుగా అన్న మాట నాకు ఊరి పేరై కూర్చుంది. పిల్లల్ని 'ఏడుమొగం వేసుకోకు' అని కసురుకుంటాం కదా, పంటవీడులో తల్లులు 'ఏడుమొగకి పంపేస్తా' అంటారు.

ఏడుమొగ మొక్కలూ జంతువులూ గురించి ఎక్కువ కష్టపడలేదు, కోరంగి మడ అడవి అన్నీ ఇచ్చింది. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాస వేర్లు, పాలు కంట్లో పడితే చూపు పోగొట్టే తిల్ల చెట్టు, రాత్రి పూట చేపలు పట్టే బావురుపిల్లి. ఇవి ఉన్నవి ఉన్నట్టు పెట్టినా చదివేవాళ్ళు మాయ అనే అనుకుంటారు. ఇసుక దిబ్బల మీద పెరిగే ముళ్ళ గడ్డిని మన వైపు రావణాసురుడి మీసాలు అంటారు. దాని ఎండిన గింజల బంతులు గాలికి ఒడ్డు వెంట దొర్లుతూ పోతాయి, ఆగి, మళ్ళీ లేచి పరిగెడతాయి. ఏడుమొగలో రాళ్ళతో ఆడుకోవడం తెలియని పిల్లలకి ఆటవస్తువులు అవే.

పులసని మాత్రం వదల్లేకపోయాను. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే ఊళ్ళో పుట్టినవాణ్ణి. వానాకాలంలో ఎర్రనీళ్ళకి సముద్రంలోంచి గోదావరికి ఎదురీదే చేప అది. మరి మొగ పూడిపోయిన నదికి ఏ చేప వస్తుంది? ఏడుమొగలో నలభై ఏళ్ళ లోపు వాళ్ళెవరూ ఆ చేపని చూడలేదు. అయినా మొదటి వరద రోజుల్లో ప్రతి ఇంట్లో దాని పులుసు పెడతారు. అదే మట్టి దాక, అదే చింతపండు, అవే బెండకాయలు, పులుసు మర్నాటికి ఊరనివ్వడం కూడా అంతే. చేప మాత్రం ఉండదు. తిని, ముసలివాళ్ళు ముళ్ళు తీసినట్టు వేళ్ళు కదుపుతారు. ఈ వాక్యం రాసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తుఫాను రాయడం అన్నిటికంటే ఆలస్యమైంది. తెలియక కాదు.

1996 నవంబరు 6. నాకు ఎనిమిదేళ్ళు. సాయంత్రం నుంచి గాలి ఉత్తరం నుంచి కొడుతోంది. చీకటి పడ్డాక మా పెంకుటింటి పెంకులు ఒక్కొక్కటీ లేవడం మొదలైంది. అమ్మ నన్నూ చెల్లినీ మంచం కిందకి తోసి, మంచానికి అడ్డంగా బియ్యం బస్తా లాగింది. కొబ్బరిచెట్లు విరిగే చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. విరగడం కాదు అది, చెట్టు మొత్తం మూలుగుతుంది, తర్వాత నేల అదురుతుంది. అర్ధరాత్రి లోపే ఒక్కసారిగా గాలి ఆగిపోయింది. చినుకు లేదు, ఆకు కదలదు. పక్కింటి వాళ్ళు లాంతరు పట్టుకుని బయటికి వచ్చి పిలుస్తున్నారు. నాన్న తలుపు తీయబోయారు. మా నాయనమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇది సగమేరా, ఇంకో సగం దక్షిణం నుంచి వస్తాది" అంది. వచ్చింది. ఉత్తరపు గాలికి తట్టుకుని నిలబడినవన్నీ దక్షిణపు గాలికి పడిపోయాయి. తెల్లారి చూస్తే మా ఇంటి నుంచి పక్క ఊరి గుడి కనిపించింది. అంతకు ముందు ఎప్పుడూ కనిపించలేదు, మధ్యలో తోటలు ఉండేవి. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకి వెళ్ళి తిరిగిరాని వాళ్ళ గురించి చాలా రోజులు పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు.

దీన్ని కథలో పెడదామని కూర్చుంటే చేతులు చల్లబడేవి, గుండెలో అదే టెన్షన్. ఆరు సార్లు మొదలుపెట్టి ఆపేశాను. చివరికి గాలినీ ఉప్పెననీ రాయడం మానుకున్నాను. మధ్యలో వచ్చిన ఆ నిశ్శబ్దం ఒక్కటే రాశాను. ఏడుమొగలో దాన్ని 'నడిమి వేళ' అంటారు. ఆ కాసేపట్లో తలుపు తీయాలా వద్దా, బయటి నుంచి పిలిచేవాళ్ళకి పలకాలా వద్దా. ఒక అధ్యాయం అంతా అదే. మా నాయనమ్మ ఆ అధ్యాయంలో ఉంది. పేరు మార్చాను, చెయ్యి పట్టుకునే తీరు మార్చలేదు.

ఒక రేవు మొత్తం మాయమైపోవడం కూడా మన చరిత్రలోనే ఉంది. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన, బాగుచేసిన రేవు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన వచ్చి దాన్ని తుడిచిపెట్టింది. బర్మాలో మాత్రం ఆ తర్వాత ఎంతో కాలం తెలుగు కూలీలని కోరంగీలు అనే పిలిచారు. ఊరు పోయినా దాని పేరు సముద్రం అవతల మనుషుల మీద మిగిలింది. ఏడుమొగలో ఆరో మొగ దగ్గరి రేవు కథ ఇక్కడి నుంచి తీసుకున్నదే.

ఒకటి రాసి తీసేశాను. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. నాకు ఏడేళ్ళు, రాత్రి పూట ఆకాశం ఒక పక్క ఎర్రగా ఉండేది. ఏడుమొగలో అలాంటి నిప్పు స్తంభం ఒకటి పెట్టాను. చూడడానికి అద్భుతంగా ఉంది, అందుకే తీసేశాను. చదివేవాడి కళ్ళన్నీ దాని మీదకే పోతున్నాయి, పులుసు పెట్టే ఆడమనిషి కనిపించడం లేదు.

మాయ ఎంత ఉండాలన్న విషయంలో అంతర్వేది స్థలపురాణం దారి చూపింది. రక్తవిలోచనుడి నెత్తుటి బొట్టు నేల మీద పడితే చాలు, ఇంకో రాక్షసుడు పుడతాడు. అందుకని అమ్మవారు నేల మీద నాలుక చాచి ఒక్క బొట్టూ పడకుండా పట్టింది. చిన్నప్పుడు తీర్థంలో ఈ కథ విన్నప్పటి నుంచి ఆ ఇసుక మీద నడిస్తే కాళ్ళ కింద ఏదో మెత్తగా ఉన్నట్టు ఉండేది. అమ్మవారి కథని నా కథలోకి లాగలేదు, అది నాది కాదు. ఈ నేల మీద ఏదో ఒకటి పడనివ్వకూడదు అనే భయాన్ని మాత్రం తీసుకున్నాను. ఏడుమొగలో నేల మీద పడకూడనిది పేరు. పోటు వేళ ఎవరినైనా పేరు పెట్టి పిలవచ్చు. ఆటు మొదలైందా, నీళ్ళు వెనక్కి తీస్తున్నంత సేపూ ఎవరి పేరూ పలకకూడదు. పలికితే నీళ్ళు ఆ పేరుని పట్టుకుపోతాయి, వచ్చే అమావాస్య లోపు ఆ మనిషి కూడా వెళ్ళిపోతాడు. అందుకే రోజుకి రెండు సార్లు ఊరంతా ఒసే, ఒరే, ఇదిగో, ఏవండీ అని పిలుచుకుంటూ బతుకుతుంది. మాయ ఇంతే, ఇంకేమీ లేదు. మంత్రగాళ్ళు లేరు, ఎగిరే గుర్రాలు లేవు. ఈ ఒక్క నియమం పెట్టాక మాత్రం నేనూ అమలాపురం మార్కెట్లో ఎవరినైనా పేరు పెట్టి పిలిచే ముందు ఒక్క క్షణం ఆగడం అలవాటైంది.

మొదటి మూడు అధ్యాయాలు ఒక పత్రికకి పంపాను. ఊహాలోకం అంటే పాఠకులకి కోటలు, రాజకుమార్తెలు కావాలి, ఈ బురదా ఉప్పూ ఎవరు చదువుతారు అన్నారు. బాధపడ్డాను. కానీ ఒక్క కోట కూడా కట్టలేదు. కట్టడానికి రాయి లేదు.

కిందటి నెలలో కొత్త మ్యాపు, కొన్ని పేజీలు పట్టుకుని ఓడలరేవు వెళ్ళాను. కుర్రాడు ఇప్పుడు ఐటీఐ చదువుతున్నాడు, ఇంట్లో లేడు. వేట నిషేధం రోజులు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. తాతకి తీరిక ఉంది. మ్యాపు మోకాళ్ళ మీద పరుచుకుని చూశాడు. ఏడు పాయలు, ఉత్తరానికి వంగిన ఇసుక తిప్పలు, పూడిన మొగలు చుక్కలతో.

"ఆయ్, ఇప్పుడు నీళ్ళు నడుత్తన్నాయండి" అన్నాడు. మూడో మొగ మీద వేలు పెట్టి కొంచెం పైకి జరిపాడు. "వచ్చే ఏటికి ఇది ఇక్కడుంటదండి. ఇంకు పెట్టి గీయకండి."

తర్వాత చదవమన్నాడు. ఐదో మొగ ఊళ్ళో ఒక ముసలామె ఉంటుంది. ఊరు సగం సముద్రంలోకి పోయింది. పంటవీడు నుంచి వచ్చిన మనుషులు ఆమెకి పైన ఇల్లు ఇస్తాం, పొలం ఇస్తాం, రాతి గోడల ఇల్లు, రమ్మంటారు. ఆమె రాతి గోడ ఎలా ఉంటుందని అడుగుతుంది. నేను రాసింది అంతవరకే. తాత వల పక్కన పెట్టి విన్నాడు. వాళ్ళావిడ కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడి వింది.

"ఎల్లిందాండీ ఆవిడ?" అని అడిగింది ఆమె.

ఇంకా రాయలేదమ్మా అన్నాను.

"ఎల్లదండి" అన్నాడు తాత.

"ఎల్తాది" అంది ఆమె. "మనవలుంటే ఎల్తాది. మనవలున్నారాండి ఆవిడికి?"

దానికి నా దగ్గర జవాబు లేదు. మూడేళ్ళుగా ఆ ఊళ్ళో ఇసుక ఎటు నడుస్తుందో, బావికి ఒర ఎలా వేస్తారో అన్నీ తేల్చుకున్నాను గానీ, ఆవిడకి మనవలున్నారో లేదో ఆలోచించలేదు. వాళ్ళిద్దరూ ఆ విషయం మీద చాలాసేపు వాదించుకున్నారు, ఆమెని ఎరిగినవాళ్ళలాగే. ఆఖరి బస్సు టైమైందని నేను లేచాను.

ఇప్పుడు ఆవిడకి ఒక మనవరాలిని రాస్తున్నాను. ఆరేళ్ళ పిల్ల. ఆటు వేళ నాయనమ్మని ఏమని పిలవాలో ఇంకా నేర్చుకుంటూ ఉంది.